శ్రీకాకుళం జిల్లా గ్రామాల జనాభా, సౌకర్యాల లెక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, బడి పంతుళ్ళు, ప్రాజెక్టు రాసే విద్యార్థులు, ఊరి సమస్య మీద అర్జీ పట్టుకుని మండలాఫీసు మెట్లెక్కేవాళ్ళు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు జనాభా లెక్కల పట్టికతో పని పడుతుంది. పట్టిక దొరకడం ఇప్పుడు కష్టం కాదు. అందులోని అంకె ఏ తేదీది, ఏ హద్దు లోపలిది, ఎవరిని లెక్కపెట్టినది అన్న మూడు సంగతులు తెలియకపోతేనే చిక్కు. అవి తెలియక రాసిన అర్జీని ఆఫీసులో ఒక్క మాటతో పక్కన పెట్టేస్తారు. శ్రీకాకుళం జిల్లాను ఉదాహరణగా తీసుకుని చెప్పినా, పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోని ఏ పల్లెకైనా ఒకటే.

మా ఊరి లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

భారత రిజిస్ట్రార్ జనరల్, జనగణన కమిషనర్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వెతకాల్సినవి మూడు. మొదటిది ప్రైమరీ సెన్సస్ యాబ్‌స్ట్రాక్ట్. కుటుంబాలు, జనాభా, ఆరేళ్ళలోపు (0–6, అంటే ఏడేళ్ళు నిండని) పిల్లలు, ఎస్సీ, ఎస్టీ, అక్షరాస్యులు, పనివారు ఇందులో ఉంటారు. రెండోది విలేజ్ డైరెక్టరీ. బడి, ఆసుపత్రి, నీళ్ళు, రోడ్డు, బస్సు, బ్యాంకు, భూమి వినియోగం ఇందులో చూడాలి. మూడోది ఇళ్ళ జాబితా పట్టిక. గోడలు, పైకప్పు, మరుగుదొడ్డి, వంటచెరకు, తాగునీరు ఎన్ని శాతం ఇళ్ళకు ఎలా ఉన్నాయో ఇది చెబుతుంది. జిల్లా జనగణన పుస్తకం అని అచ్చయ్యేది మొదటి రెండింటినీ కలిపి వేసిందే. సౌకర్యాలు 'ఏ' భాగంలో, జనాభా 'బీ' భాగంలో ఉంటాయి.

2011 పట్టికల్లో ఆంధ్రప్రదేశ్ కోడు 28, శ్రీకాకుళం జిల్లా కోడు 542. అవి ఉమ్మడి రాష్ట్రం నాటివి కాబట్టి తెలంగాణ జిల్లాలు కూడా 28 కిందే, ఆదిలాబాద్ 532 నుంచి మొదలవుతాయి. తెలంగాణ అని వెతికి దొరకలేదని వదిలేసేవాళ్ళు చాలామంది.

2011 నాటి లెక్కలతో ఇప్పుడేం పని?

2021లో జరగాల్సిన జనగణన జరగలేదు. అందుకే గ్రామస్థాయిలో పూర్తి, అధికారిక లెక్క 2011దే. రోడ్డు మంజూరుకీ, ఆర్థిక సంఘం నిధుల పంపకానికీ నిన్నమొన్నటి దాకా దాన్నే పట్టుకున్నారు. 2024లో కేంద్రం ఆమోదించిన పల్లె రోడ్ల పథకం, గ్రామ సడక్ యోజన నాలుగో దశకు కూడా 2011 జనాభాయే ఆధారం.

ఇక్కడే చాలామంది గమనించని తేడా ఒకటుంది. జనాభా అంకెలు 2011 మార్చి 1 నాటివి. విలేజ్ డైరెక్టరీలో మాత్రం 'రిఫరెన్స్ ఇయర్' అనే గడి ఉంటుంది, అందులో 2009 అని రాసి ఉంటుంది. అంటే మీ ఊరి బడి, బస్సు, బ్యాంకు సంగతులు జనాభా కంటే ముందటివి. ఇళ్ళ జాబితా 2010 ఏప్రిల్–సెప్టెంబరు మధ్య తీసింది. మూడింటినీ ఒకే వాక్యంలో కలిపి '2011లో మా ఊరు' అని రాస్తే తప్పే.

జిల్లా జనాభా 27 లక్షలా, 22 లక్షలా?

రెండూ సరైనవే, హద్దులే వేరు. 2011లో 38 మండలాల శ్రీకాకుళం జనాభా 27,03,114. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు విజయనగరం జిల్లాకు వెళ్ళాయి. మిగిలిన 30 మండలాల 2011 జనాభా దాదాపు 21.9 లక్షలు. అంటే ఐదు లక్షల మంది ఎక్కడికీ పోలేదు, గీత జరిగింది. పాత పట్టికతో ఇప్పటి జిల్లాకు సగటు కట్టాలంటే ముందు ఆ ఎనిమిది మండలాలను తీసేయాలి. గిరిజన జనాభా, అడవి విస్తీర్ణం విషయంలో ఇది మరీ ముఖ్యం, సీతంపేట వెళ్ళాక ఆ రెండు అంకెలూ బాగా మారతాయి.

ఇంకా వెనక్కి వెళ్ళేవాళ్ళకు ఇలాంటి గీతలు మరో రెండు అడ్డొస్తాయి. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడింది కాబట్టి 1971 శ్రీకాకుళాన్నీ 1981 శ్రీకాకుళాన్నీ నేరుగా పోల్చకూడదు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి, అందుకని 1981 పట్టికలో మీ మండలం పేరు కనబడదు, తాలూకా పేరు కింద వెతకాలి.

మా ఊరి పేరే పట్టికలో లేదు. ఎందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే. కారణాలు ఐదారు ఉన్నాయి, ఒక్కొక్కటీ సరిచూసుకోండి.

జనగణనలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. సర్వే నంబర్లు, పటం, హద్దురాళ్ళు ఉన్నది. మన వాడుకలో ఊరు అంటే ఇళ్ళ గుంపు: పేట, పాలెం, వలస, గూడ, కాలనీ. ఒక రెవెన్యూ గ్రామంలో అలాంటివి నాలుగైదు ఉండొచ్చు. వాటి జనాభా అంతా తల్లి గ్రామం పేరు మీద కలిసిపోతుంది. శివారు పేటకు పట్టికలో విడిగా వరుస ఉండదు. మీ పొలం అడంగల్‌లో 'గ్రామం' అన్న చోట ఏ పేరు ఉందో చూడండి, జనగణన పట్టికలో వెతకాల్సింది ఆ పేరునే.

పంచాయతీ మరో లెక్క. ఒక పంచాయతీలో రెండు మూడు రెవెన్యూ గ్రామాలు ఉండొచ్చు, ఒక రెవెన్యూ గ్రామం రెండు పంచాయతీలుగా చీలి ఉండొచ్చు. మొదటి రకమైతే కూడుకుంటే సరిపోతుంది. రెండో రకమైతే ప్రచురించిన గ్రామ పట్టికతో పంచాయతీ జనాభా తేలదు.

పేరు వేరేగా రాసి ఉండొచ్చు. వాడుకలో ఎల్.ఎన్.పేట అనేది పట్టికలో లక్ష్మీనర్సుపేట, జి.సిగడాం అనేది గంగువారి సిగడాం. ఇంగ్లిషు అక్షరాల్లో 'వ' ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పడుతుంది. అందుకని పేరు టైపు చేసి వెతకడం మానేసి, మండలం ఎంచుకుని మొత్తం జాబితా కిందికి చదవడం మంచిది. చాలా మండలాల్లో పదుల్లోనే ఉంటాయి, కొద్ది నిమిషాల పని.

ఒకే పేరుతో చాలా ఊళ్ళు ఉంటాయి. కొత్తూరు, కొత్తపేట, లక్ష్మీపురం లాంటి పేర్లకు గ్రామ కోడు తప్ప వేరే దారి లేదు. 2011లో ప్రతి గ్రామానికీ ఆరంకెల కోడు ఇచ్చారు. ఒకసారి పట్టుకున్నాక దాన్ని పంచాయతీ రిజిస్టరు అట్ట మీద రాసి పెట్టుకోండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నడిపే స్థానిక ప్రభుత్వ డైరెక్టరీలో కూడా చాలా గ్రామాలకు ఆ కోడే వాడుతున్నారు.

ఊరు పట్టణంగా లెక్కకెక్కి ఉండొచ్చు. జనాభా కనీసం 5,000, మగ ప్రధాన పనివారిలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండటం, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండటం: ఈ మూడూ కుదిరితే పంచాయతీగానే ఉన్నా దాన్ని సెన్సస్ టౌన్ అంటారు. 2011 పట్టికలో టెక్కలి, నరసన్నపేట, సోంపేట అలాంటివే. వాటికోసం టౌన్ డైరెక్టరీ చూడాలి.

పేరు ఉండి జనాభా గడులు సున్నాలుగానో ఖాళీగానో ఉంటే అది నిర్జన గ్రామం. భూమి ఉంటుంది, ఇళ్ళుండవు. దీనికి తిరగబడిన సంగతి హిరమండలం జలాశయం ముంపు గ్రామాలది. 2011 పట్టికలో జనం కనిపిస్తారు, ఇప్పుడక్కడ నీళ్ళున్నాయి, ఆ కుటుంబాలు పునరావాస కాలనీల్లో ఉన్నాయి.

జనాభా పట్టికలో ఒక వరుసను ఎలా చదవాలి?

ఉదాహరణకు కొన్ని అంకెలు వేసుకుందాం, ఇవి ఏ ఊరివీ కావు. కుటుంబాలు 472. జనాభా 1,840: మగ 905, ఆడ 935. ఆరేళ్ళలోపు పిల్లలు 190: మగ 98, ఆడ 92. ఎస్సీ 214. అక్షరాస్యులు 990: మగ 560, ఆడ 430. పనివారు 980: ప్రధాన 560, ఉపాంత 420. విస్తీర్ణం 412 హెక్టార్లు.

ముందుగా 472 అనేది ఇళ్ళ సంఖ్య కాదు. ఒక పొయ్యి మీద వండుకు తినేవాళ్ళంతా ఒక కుటుంబం. ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరు కుంపట్లు పెట్టుకుంటే రెండు. అందుకే ఇది రైస్ కార్డుల సంఖ్యతోనూ, ఇంటి పన్ను డిమాండుతోనూ సరిపోదు. 1,840ని 472తో భాగిస్తే కుటుంబానికి సగటున 3.9 మంది.

412 హెక్టార్లు అంటే 4.12 చదరపు కిలోమీటర్లు, సుమారు 1,018 ఎకరాలు. జనసాంద్రత 447. ఎస్సీ వాటా 11.6 శాతం.

స్త్రీ పురుష నిష్పత్తి: 935ని 905తో భాగించి వెయ్యితో హెచ్చిస్తే 1,033. పిల్లల్లో అదే లెక్క 939 వస్తుంది. ఈ రెండో అంకె చూసి ఊళ్ళో ఏదో జరుగుతోందని అభాండం వేయకండి. ఆ 190 మందిలో మగపిల్లలు నలుగురు తక్కువై, ఆడపిల్లలు నలుగురు ఎక్కువై ఉంటే 939 కాస్తా 1,021 అయ్యేది. చిన్న ఊళ్ళో పిల్లల నిష్పత్తికి అర్థం ఉండదు, మండలం మొత్తానికి కట్టి చూడాలి.

అక్షరాస్యత శాతం మాకు తక్కువ వస్తోంది, ఎక్కడ పొరబడుతున్నాం?

మొత్తం జనాభాతో భాగిస్తున్నారు. జనగణనలో ఏడేళ్ళు నిండని పిల్లలు బడికి వెళ్తున్నా నిరక్షరాస్యులే. కాబట్టి భాగించేటప్పుడు కూడా వాళ్ళను తీసేయాలి. పై ఉదాహరణలో 990ని 1,840తో భాగిస్తే 53.8 వస్తుంది, అది తప్పు. 1,840లోంచి 190 తీసి 1,650తో భాగిస్తే 60 శాతం, ఇదే సరైనది. మగవాళ్ళకు 807 మీద 560, అంటే 69.4. ఆడవాళ్ళకు 843 మీద 430, అంటే 51. 2011లో ఉమ్మడి శ్రీకాకుళం జిల్లా అక్షరాస్యత 61.74 శాతం, పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఈ జిల్లాలో ఆడవాళ్ళ సంఖ్య మగవాళ్ళ కంటే ఎందుకు ఎక్కువ?

2011లో జిల్లా నిష్పత్తి 1,015. ఆడవాళ్ళు ఎక్కువకాలం బతకడం ఒక కారణం. వలస అంతకంటే పెద్ద కారణం. జనగణన ఫిబ్రవరిలో జరుగుతుంది. 2011లో ఇంటింటి లెక్క ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా తీశారు, మార్చి 1 నుంచి 5 దాకా మరోసారి సరిచూశారు. ఆ రోజుల్లో ఒక్క రోజైనా ఇంటికొచ్చి ఉండేవాళ్ళను ఇక్కడ రాస్తారు. ఆ మొత్తం కాలం బయటే ఉన్నవాళ్ళను ఎక్కడుంటే అక్కడే రాస్తారు. గుజరాత్‌లోని వేరావల్ పడవల మీద పనిచేసే మత్స్యకారులకు ఆగస్టు నుంచి వేసవి దాకా అక్కడే వేట, ఫిబ్రవరిలో వాళ్ళు ఊళ్ళో ఉండరు. హైదరాబాదు, విశాఖ, చెన్నైలలో కట్టడం పనికి వెళ్ళినవాళ్ళూ అంతే. తీరప్రాంతపు పల్లెల్లో ఆడవాళ్ళ అంకె మగవాళ్ళ అంకెను మించడానికి ఇదో కారణం. 2001 నుంచి 2011 మధ్య రాష్ట్ర జనాభా దాదాపు 11 శాతం పెరిగితే జిల్లాలో 25,37,593 నుంచి 27,03,114కి, అంటే 6.5 శాతమే పెరిగింది.

ఓటర్ల జాబితాలో పెద్దవాళ్ళ సంఖ్య జనాభా లెక్క కంటే ఎక్కువుంది. ఏది నిజం?

వలస వెళ్ళినవాళ్ళు ఓటు ఊళ్ళోనే ఉంచుకుంటారు, జనగణన వాళ్ళను వలస వెళ్ళిన చోట రాస్తుంది. ఒకటి హక్కు లెక్క, ఇంకోటి ఉనికి లెక్క. నీళ్ళ పథకానికి జనాభా కావాలంటే జనగణన అంకె, సంక్రాంతికి వచ్చే జనానికి ఎన్ని ట్యాంకర్లు కావాలో తేల్చాలంటే ఓటర్ల అంకె దగ్గరగా ఉంటుంది.

ప్రధాన పనివారు, ఉపాంత పనివారు అంటే?

లెక్కకు ముందటి ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి పని దొరికినవాళ్ళు ప్రధాన పనివారు. అంతకు తక్కువైతే ఉపాంత. ఆ ఉపాంతంలోనూ మూడు నెలలలోపు, మూడు నుంచి ఆరు నెలలు అని రెండు గడులుంటాయి. మన ఉదాహరణలో 980కి 420 ఉపాంత, అంటే 43 శాతం మందికి ఏడాదిలో సగం రోజులు కూడా పని లేదు. ఊరి పేదరికం చూడాలంటే ఈ అంకె చూడండి, ఎన్ని టీవీలున్నాయో చూడటం కంటే ఇది నయం.

నాలుగు రకాల పని ఉంటుంది: సొంత లేదా కౌలు సేద్యం, వ్యవసాయ కూలీ, కుటుంబ పరిశ్రమ, ఇతరములు. పొందూరులో ఇంటి దగ్గర నూలు వడికే, మగ్గం నేసే కుటుంబాలు కుటుంబ పరిశ్రమ కిందికి వస్తాయి. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో రోజు కూలికి వెళ్ళేవాళ్ళు ఇతరములు. ఇంట్లో గొడ్లు మేపుతూ పాలు పోసే ఆడవాళ్ళను 'పనేమీ లేదు' అని రాయించేయడం ఎప్పుడూ జరిగే పొరబాటు. అడిగేవాళ్ళు సరిగ్గా అడగకా, చెప్పేవాళ్ళు అది పనే అనుకోకా. దాంతో పాడి మీద బతికే ఊరు కూడా పట్టికలో పనిలేని ఊరులా కనిపిస్తుంది.

సౌకర్యాల పట్టికలో మా ఊరికి బడి '2' అని ఉంది. రెండు బళ్ళు లేవే?

ఈ పొరబాటు జరగని పల్లె లేదు. ఆ పట్టికలో బడి లాంటి సౌకర్యానికి మూడు రకాల గడులుంటాయి. మొదటి గడి ఉందా లేదా: 1 అంటే ఉంది, 2 అంటే లేదు. రెండో గడి ఎన్ని ఉన్నాయో. మూడో గడిలో, లేకపోతే దగ్గర్లో ఎంత దూరంలో ఉందో అక్షరం రాస్తారు: ఏ అంటే 5 కిలోమీటర్లలోపు, బీ అంటే 5 నుంచి 10, సీ అంటే 10 దాటి. దగ్గరి ఊరి పేరు కూడా ఉంటుంది. మీరు చూసిన '2' మొదటి గడిలోది, అంటే బడి లేదని. ఎక్సెల్‌లో ఆ నిలువు వరుసను కూడితే మండలంలో ఉన్న బళ్ళ కంటే లేని బళ్ళు ఎక్కువ బరువు తూగుతాయి. లెక్కపెట్టాల్సింది రెండో గడినే.

'ఏ' అనే అక్షరాన్ని నమ్మేటప్పుడు జాగ్రత్త. 5 కిలోమీటర్లలోపు అన్నది 600 మీటర్లు కావచ్చు, 4.8 కిలోమీటర్లు కావచ్చు. మధ్యలో వంశధార పాయ ఉందో, రైలు గేటు ఉందో, గెడ్డ (వాగు) ఉందో అక్షరం చెప్పదు. వానాకాలంలో గెడ్డ పొంగితే చుట్టుతిరిగి పోవాల్సిన ఊరికి ఆ 'ఏ' నిజానికి 'సీ' అవుతుంది. అర్జీలో నడిచే దారి పొడవు, వాన రోజుల్లో తిరిగే దారి పొడవు రెండూ రాయండి. బండి మీటరు చూసి రాస్తే చాలు.

ఆరోగ్య గడుల్లో ఇంకో మెలిక ఉంది. డాక్టర్లు మంజూరైన పోస్టులు ఒకటి, విధుల్లో ఉన్నవాళ్ళు ఇంకొకటి. మొదటిది చూసి ఊళ్ళో డాక్టరున్నాడని రాయకండి.

నీటి గడిలో 'కుళాయి ఉంది' అని ఉంటుంది, మా ఇంటికి చుక్క రాదు. పట్టిక అబద్ధమా?

అబద్ధం కాదు, ప్రశ్న వేరు. విలేజ్ డైరెక్టరీ ఊళ్ళో ఎక్కడైనా ఒక్క కుళాయి ఉందా అని అడుగుతుంది. అదే వరుసలో ఏడాది పొడవునా పనిచేస్తుందా, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా పనిచేస్తుందా అని రెండు గడులు విడిగా ఉంటాయి, అవీ చదవాలి. శుద్ధి చేసిన కుళాయి నీరు, చేయని కుళాయి నీరు కూడా వేర్వేరు గడులు. మీ ఇంటి సంగతి మాత్రం ఇళ్ళ జాబితా పట్టికలో దొరుకుతుంది: ఎన్ని శాతం ఇళ్ళకు నీళ్ళు ఆవరణలోనే, ఎన్నింటికి దగ్గర్లో, ఎన్నింటికి దూరంగా. పల్లెల్లో దగ్గర్లో అంటే అర కిలోమీటరు లోపు. రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టండి. 'కుళాయి ఉంది' అని ఒకటి, 'ఆవరణలో కుళాయి 12 శాతం ఇళ్ళకే' అని ఇంకొకటి చెబితే, మీ అర్జీకి అంతకు మించిన ఆధారం అక్కర్లేదు.

ఉద్దానం విషయంలో ఈ పట్టిక చాలదు. ఉద్దానం అని పిలిచే కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకింత ఉందో తేల్చే పని ఇంకా సాగుతూనే ఉంది. పట్టికలో 'చేతిపంపు ఉంది' అన్న 1కి, ఆ నీటిలో ఏముందో అన్నదానికి సంబంధం లేదు. 2023 డిసెంబరు 14న హిరమండలం జలాశయం నుంచి పైపులైను ద్వారా ఉద్దానానికి నీళ్ళిచ్చే పథకాన్నీ, పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రినీ ప్రారంభించారు. పాత డైరెక్టరీలో ఇవి ఉండవు. ఇప్పటి ఇంటింటి కుళాయిల స్థితికి జల్ జీవన్ మిషన్ డాష్‌బోర్డులో గ్రామం పేరుతో చూడండి. అందులో ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. కుళాయి కింద 20 లీటర్ల బిందె పెట్టి నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో, రోజుకు ఎన్ని నిమిషాలు వదులుతున్నారో రాస్తే ఇంటికి ఎన్ని లీటర్లో తేలుతుంది. బిందెకు నాలుగు నిమిషాలు, రోజుకు 30 నిమిషాలు వదిలితే 150 లీటర్లు. నలుగురున్న ఇంటికి 220 కావాలి.

భూమి గడులు కూడితే మొత్తం విస్తీర్ణం రావడం లేదు.

రావాలి. అడవి, వ్యవసాయేతర వినియోగం, సాగుకు పనికిరానిది, పచ్చిక బయలు, తోటలు, సాగుయోగ్యమైన బంజరు, పాత బీడు, ప్రస్తుత బీడు, నికరంగా విత్తినది: తొమ్మిదీ కలిపితే మొత్తం. ఒకటి రెండు హెక్టార్ల తేడా దశాంశాల వల్ల. పదుల్లో తేడా ఉంటే ఎకరాల అంకె హెక్టార్ల గడిలో పడి ఉంటుంది, 2.47తో భాగించి చూడండి. నీటిపారుదల గడి ఈ తొమ్మిదిలో చేరదు, అది నికరంగా విత్తిన భూమిలో భాగం.

కాళింగులు, వెలమలు, తూర్పు కాపులు ఎంతమందో తెలుస్తుందా?

2011 జనగణనలో ఎస్సీ, ఎస్టీ తప్ప కులం లెక్కపెట్టలేదు. గ్రామస్థాయిలో ఎస్టీ మొత్తం ఉంటుంది, అందులో సవరలెందరు, జాతాపులెందరు అని ఉండదు. మతం, మాతృభాష కూడా గ్రామానికి విడిగా ఇవ్వరు. ఇచ్ఛాపురం వైపు ఊళ్ళలో ఒడియా మాట్లాడేవాళ్ళెందరో ఊరివారీగా చెప్పే పట్టిక లేదు. ఎవరైనా చూపిస్తే అది జనగణనది కాదు.

పట్టికను ఎక్సెల్‌లో తెరిస్తే కోడులు కలవడం లేదు.

మండలం కోడు ఐదంకెలది, సున్నాతో మొదలవుతుంది. ఎక్సెల్ ఆ సున్నాను మింగేస్తుంది. ఫైలు తెరిచేటప్పుడే ఆ నిలువు వరుసను 'టెక్స్ట్' అని ఎంచుకోండి. జనాభా పట్టికలో జిల్లా మొత్తం, మండలం మొత్తం, గ్రామం ఒకే నిలువు వరుసలో కిందకీ పైకీ ఉంటాయి. 'లెవెల్' గడిలో గ్రామం అన్నవే వడగట్టకుండా కూడితే జనాభా కొన్ని రెట్లు ఎక్కువ వస్తుంది. రెండు పట్టికలను కలిపేటప్పుడు పేరుతో కాదు, గ్రామ కోడుతో కలపండి.

ఎంత జనాభాకు ఏ సౌకర్యం రావాలి?

ఆరోగ్య ఉపకేంద్రం మైదానంలో 5,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతంలో 3,000కు ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం 30,000కు, కొండల్లో 20,000కు. అంగన్‌వాడీ కేంద్రం 400–800 జనాభాకు. ప్రాథమిక పాఠశాల కిలోమీటరులోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్లలోపు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు సుమారు 2,000 మందికి ఒకటి చొప్పున వచ్చాయి.

రోడ్డు విషయంలో, అంటే గ్రామ సడక్ యోజనలో మాత్రం గ్రామం కాదు, ఇళ్ళ గుంపు లెక్క. మైదానంలో 500, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఆవాసానికి అర్హత. మీ పేటలో 430 మందే ఉంటే అక్కడితో వదిలేయకండి. 500 మీటర్లలోపు ఉన్న ఆవాసాలను కలిపి ఒకటిగా లెక్కించే నిబంధన మైదాన ప్రాంతాలకు ఉంది. పేట జనాభా గ్రామ పట్టికలో ఉండదు కాబట్టి, అంగన్‌వాడీ సర్వే రిజిస్టరు నకలు, ఇంటి పన్ను జాబితా జత చేసి గ్రామసభ తీర్మానంతో పంపాలి.

అర్జీలో ఈ అంకెలు ఎలా రాయాలి?

గ్రామ కోడు, 2011 జనాభా, ప్రమాణం, దూరం: ఈ నాలుగూ మొదటి పేజీలోనే రావాలి. 'మా ఊళ్ళో ఆసుపత్రి లేక నానా అవస్థలు పడుతున్నాం' అన్న వాక్యం గుండెలోంచి వచ్చినా ఫైలులో నిలబడదు. 'మా రెవెన్యూ గ్రామ జనాభా 3,260, ఇది గిరిజన ప్రాంతం, ప్రమాణం 3,000, దగ్గరి ఉపకేంద్రం 7.4 కిలోమీటర్లు, వానాకాలంలో 13' అని రాస్తే కాదనడానికి కారణం రాయాల్సిన పని ఆఫీసుది అవుతుంది. అధికారులు అర్జీలు తీసుకునే సోమవారం గ్రీవెన్సులో ఇచ్చి రసీదు నంబరు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి ఆఫీసుకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

2011లో మా ఇంటి వివరాలు ఏం రాశారో నకలు ఇస్తారా?

ఇవ్వరు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం వ్యక్తుల వివరాలు రహస్యం. మీవే అయినా చూపరు, కోర్టులో సాక్ష్యంగానూ చెల్లవు. వయసుకో, నివాసానికో రుజువు కావాలంటే వేరే దారి చూసుకోవాలి. ప్రచురించిన 2011 పట్టికలో తప్పున్నా దాన్ని దిద్దరు. తర్వాతి లెక్కలో సరిగ్గా రాయించుకోవడమే.

2027 జనగణనకు ఊరు ఏం సిద్ధం చేసుకోవాలి?

నోటిఫికేషన్ 2025 జూన్ 16న వచ్చింది. ఇళ్ళ జాబితా 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో, లెక్కకు ప్రమాణ సమయం 2027 మార్చి 1 అర్ధరాత్రి 00:00 గంటలు. కులం కూడా రెండో దశలోనే రాస్తారు. ఇంటిపేరు, బిరుదు, వృత్తి పేరు చెప్పకుండా, మీ కుల ధ్రువపత్రంలో ఎలా ఉందో అలా చెప్పడం మేలు. ఒకే కులం నాలుగు పేర్లతో పడితే నాలుగు చిన్న అంకెలుగా చీలిపోతుంది.

పాడి, కూరగాయల అమ్మకం, ఉపాధి హామీ పని చేసే ఆడవాళ్ళు ఏడాదిలో ఎన్ని నెలలు చేశారో ముందే లెక్కేసుకుని ఉండాలి. వలస వెళ్ళినవాళ్ళకు ఫోను చేసి, ఉన్నచోట తప్పకుండా రాయించుకోమని చెప్పండి, రెండుచోట్లా తప్పిపోయేది వాళ్ళే. చెరువు గట్టు అవతలి నాలుగిళ్ళు, కొండ కింది గూడ, కొత్త కాలనీ లాంటివి ఎన్యూమరేటరు (ఇంటింటికీ వచ్చి లెక్క రాసే మనిషి) పటంలోకి ఎక్కకుండా పోతుంటాయి. శివారు పేటల పేర్లు, ఒక్కోదానిలో ఇళ్ళ సంఖ్య, అక్కడికి వెళ్ళే దారి రాసిన జాబితాను పంచాయతీ కార్యదర్శి సంతకంతో తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి.